రెండంగుళాల లూజు

మా ఇంటి నుంచి,
కుట్టుమిషను బల్ల మీద రాస్తున్నది.

ఒరేయ్ మంచుగడ్డా,

నేను తాతనయ్యాను. ఈ ఒక్క వాక్యం రాసి, కలం కింద పెట్టి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఆడపిల్ల. మొన్నటికి ఏడు వారాలు నిండాయి. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని నువ్వు మూతి ముడుచుకుంటావని తెలుసు. అయినా నువ్వు ఎప్పుడు విప్పావు గనక. ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం, మళ్ళీ ఉతకడం, వీటి మధ్య నాకు కలం పట్టే తీరిక దొరకలేదు. నలభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టాను గానీ, ఇంత చిన్న మనిషి రోజుకు ఇన్ని జతలు మారుస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ముక్కు నాదే. అమ్మాయి ఒప్పుకోదు. "నాన్నా, అన్ని ముక్కులూ నీవే అంటే ఎలా" అంటుంది. అంటూనే తన ముక్కు తడుముకుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో దానికి మాత్రం తెలీదా. పాపని నేను దొరసాని అంటున్నాను. చిటికేస్తే అందరం పరిగెత్తుకొస్తాం కదా, అందుకు.

ఇక అసలు సంగతి. అమ్మాయి సెలవు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. తను నడిపేది దూరపు రైలుబండి అని నీకు తెలుసు. పొద్దున ఇంజనెక్కితే మర్నాడు సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. ఆ తారీఖుకి డ్యూటీలో చేరకపోతే ఆ బండి ఇంకొకరికి వెళ్ళిపోతుంది, తనని ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. ఆ ఇంజనెక్కడానికి అది తొమ్మిదేళ్ళు పడిగాపులు కాసింది. అల్లుడేమో ఓడ మీద, వచ్చేసరికి ఏడాది తిరుగుతుంది. డాక్టరమ్మ ఆరు నెలలూ తల్లిపాలే పట్టమంది. అందుకని అమ్మాయి పాలు తీసి పాకెట్లలో పోసి గడ్డకట్టించి పెడుతుందట, అది లేని రెండు రోజులూ నేను కరిగించి పట్టాలట. నా మీద అంత నమ్మకం దానికి. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది, కొలిచి చూసుకున్నాను.

కానీ మన పాత ఫ్రిజ్ సంగతి నీకు తెలియనిదా. పదకొండుసార్లు బాగుచేశావు. పైన ఫ్రీజరు తలుపుకి ఇప్పుడు నా కుట్టుపెట్టెలోని ఎలాస్టిక్ కట్టి ఉంది. అందులో నా మనవరాలి పాలు పెట్టలేను. ఏ ఫ్రిజ్ కొనాలో రాయి. నీ చెవులకు ఫోను పనికిరాదు కాబట్టి ఉత్తరాలే గతి. అమ్మాయితో పనిచేసే గార్డుది మీ ఊరే. పొద్దున అతని చేతికిస్తే సాయంత్రానికి నీ గుమ్మంలో పడేస్తాడు.

నీ,
కత్తెర (ఇకమీదట తాత కత్తెర)

*

మేడ మీది గది నుంచి.

కత్తెరకి,

తాతవయ్యావు. సంతోషం. ముక్కు నీది కాకపోతే మరీ సంతోషం.

పైన ఫ్రీజరు ఉన్నది కొనకు. రోజుకు ఇరవై సార్లు తెరిచేది కూరగాయల అర. ఫ్రీజరు రెండుసార్లు. ఇరవై సార్లు తెరిచేది ఛాతీ ఎత్తులో ఉండాలి. నీ నడుము మిషను మీద వంగి వంగి ఎలా ఉందో నేను చూశాను. కింద ఫ్రీజరు ఉన్నది తీసుకో. ఆ రెండుసార్లూ కుర్చీ వేసుకుని కూర్చుని తీయి.

లోపల మూడు సొరుగులు ఉండాలి. వైరు బుట్టలు వద్దు. పాత దాని తలుపు తీయగానే చలంతా నీ కాళ్ళ మీద పడేది గుర్తుందా. సొరుగైతే దాని చలి దానిలోనే ఉంటుంది. పాకెట్లను పడుకోబెట్టి గడ్డకట్టించు, తరువాత పుస్తకాల్లా నిలబెట్టు. పాత తారీఖువి ముందు.

కొట్లోనే తలుపు తెరిచి, సొరుగు పూర్తిగా లాగి చూడు. తలుపు గోడకి తగిలితే సొరుగు బయటికి రాదు. ఇంటికి తెచ్చాక ఏడిస్తే ఎవడూ వెనక్కి తీసుకోడు.

నువ్వు పెట్టబోయేది గోడకీ బీరువాకీ మధ్య సందులో కదా. ఇరుపక్కలా, వెనకా రెండేసి అంగుళాలు వదులు. అది ఊపిరి పీల్చుకోవాలి. పైన ఏదీ కప్పకు. ముప్పై ఐదేళ్ళు జనం ఫ్రిజ్‌లకు తొడిగిన ముసుగులు విప్పుతూ బతికాను. దానికి చలి వేయదు. ఉక్కపోస్తుంది.

ఒక కప్పులో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి, పాల సొరుగులో ఉంచు. నాణెం ఎప్పుడూ పైనే ఉండాలి. కిందికి దిగిందంటే నువ్వు చూడనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు ఆ పాలు వాడకూడదు.

కింద ఫ్రీజరుకి ఒక లోపం ఉంది. దొరసాని పాకడం మొదలుపెడితే ఆ తలుపు సరిగ్గా ఆమె చేతికందే ఎత్తులో ఉంటుంది. ఆ రోజు కబురు చెయ్యి. నేనే వచ్చి గొళ్ళెం బిగిస్తాను. అంతవరకు రాలేను. ఇక్కడ చేతినిండా పని, రోజూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు.

మంచుగడ్డ

*

వంటగది నుంచి,
కొత్త ఫ్రిజ్ ఎదురుగా కుర్చీ వేసుకుని.

ఒరేయ్ మంచుగడ్డా,

వచ్చింది. తెల్లగా, నున్నగా, పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. కొట్లో నేను పదమూడు ఫ్రిజ్‌ల తలుపులు తెరిచాను. ప్రతి దానిముందూ కుర్చీ అడిగి కూర్చుని సొరుగులు లాగాను. పదమూడోదాని దగ్గర కొట్టతను "తాతగారూ, మీరు కొంటారా, కాపరం పెడతారా" అన్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. అదే తీసుకున్నాను.

అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. ఒకరోజంతా నిలబెట్టి ఉంచి ఆ తరువాతే స్విచ్ వేయమన్నారు. ఆ ఒక్కరోజు గడవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. మా సందు ఇరవై ఐదంగుళాలు, ఫ్రిజ్ ఇరవై నాలుగు. మంచి దర్జీ కుట్టిన వెయిస్ట్‌కోటులా అతుక్కుపోయింది. తోసేవాళ్ళే నా కొలతకి ముచ్చటపడ్డారు. సొరుగులు మాత్రం పూర్తిగా బయటికి వస్తున్నాయి, అది చూసుకున్నాను.

నాణెం పెట్టాను. పాకెట్లు నిన్నటికి ఇరవై రెండు. ప్రతి పాకెట్టుకీ గుడ్డ పేలిక మీద తారీఖు రాసి రబ్బరు బ్యాండుతో కట్టాను. అమ్మాయి చూసి "నాన్నా, ఇవి పాలా, ట్రయల్‌కి వచ్చిన చొక్కాలా" అంది. పోనీలే, ఒక్కటి కూడా తారుమారు కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అది ఉత్తరంలో రాసేది కాదు, నువ్వు వచ్చి కళ్ళారా చూడాల్సిందే. చూస్తే నీ ముఖాన కూడా నవ్వు వస్తుంది.

అన్నట్టు, నీ అక్షరాలు అలా ఉన్నాయేమిటిరా. బస్సు మెట్టు మీద నిలబడి రాశావా. "గొళ్ళెం" అన్న మాట చదవడానికి నాకు, అమ్మాయికి, గార్డుకి కలిపి పావుగంట పట్టింది. మన కొట్లు పక్కపక్కన ఉన్న రోజుల్లో నీ రసీదులు అచ్చు గుద్దినట్టుండేవి.

నీ,
తాత కత్తెర

*

మేడ మీది గది నుంచి.

కత్తెరకి,

ఇరవై ఐదులో ఇరవై నాలుగు. పక్కకి అరంగుళం. జీవితమంతా మనుషుల చొక్కాలకు చంకల దగ్గర, ఛాతీ దగ్గర, అడగకపోయినా లూజు వదిలినవాడివి, ఆ ఫ్రిజ్ చేసిన పాపమేమిటి. బీరువా జరుపు.

ఆ "ఇంకొక సంగతి" ఏమిటో రాయి. నీ సంతోషాల్లో సగం నేను విప్పాల్సి వస్తుంది.

తలుపు రబ్బరుని వారానికోసారి సబ్బునీళ్ళ గుడ్డతో తుడువు, పొడి గుడ్డతో ఆరబెట్టు. వేడి గిన్నెలు లోపల పెట్టకు.

అక్షరాల సంగతంటావా, ఈ గదిలో బల్ల కాలు ఒకటి పొట్టిది.

మంచుగడ్డ

*

మా ఇంటి నుంచి.

ఒరేయ్ మంచుగడ్డా,

ఈ ఉత్తరంతో చిన్న పొట్లం పంపుతున్నాను. కోటు గుడ్డ, ఆరు మడతలు వేసి అంచులు కుట్టాను. బల్ల కాలి కింద పెట్టు. కొడుకు ఇంటికి మారి రెండేళ్ళయింది, ఒక బల్ల కాలు సరిచేసుకోలేనివాడివి, ఊరందరి ఫ్రిజ్‌లూ ఎలా బాగుచేస్తున్నావురా.

బీరువా జరపాలంటే నలుగురు కావాలి. అయినా ఫ్రిజ్ చల్లగానే ఉంది, నువ్వు ఊరికే కంగారు పెడతావు. దొరసాని నిన్న నన్ను చూసి నవ్వింది. గ్యాసు వల్ల అంటుంది అమ్మాయి. గ్యాసైతే దాని ముఖం చూసి నవ్వొచ్చుగా, నా ముఖమే చూసి ఎందుకు నవ్వాలి.

నీ,
తాత కత్తెర

*

మా వంటగది నుంచి,
ఆదివారం పొద్దున.

ఒరేయ్,

నవ్వులాట కాదు. గురువారం అమ్మాయి డ్యూటీలో చేరాలి. ఇవ్వాళ పొద్దున ఫ్రిజ్ తెరిస్తే పై అరలో టమాటాలు మెత్తబడి ఉన్నాయి, పెరుగు పులిసిపోయింది. కింది తలుపు తీస్తే సొరుగుల అంచు పొడవునా మంచు, గోడకి సున్నం పెచ్చులు కట్టినట్టు. పై సొరుగు పట్టుకుని లాగితే కిర్రుమంది. మోటారు ఆగడమే లేదు. మిషనుకి నూనె వేయడం మరిచిపోతే వస్తుందే, ఆ రకం మూలుగు.

నలభై ఎనిమిది పాకెట్లు ఉన్నాయి రా అందులో. రెండు నెలలు అది ఉదయం సాయంత్రం కూర్చుని తీసిన పాలు.

అమ్మాయి తలుపు దగ్గర చతికిలబడి కూర్చుని, "పోనీ నాన్నా, ఆఫీసు కుర్చీయే తీసుకుంటాలే. అదీ ఉద్యోగమేగా" అంది. నేను "మీ మామయ్య ఉండగా నీకేం భయం" అన్నాను. ఆ మామయ్యవి నువ్వే. గార్డుని ఆపి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వచ్చెయ్యి. నీ పనులు ఒక్కరోజు ఆగలేవా.

కత్తెర

*

మేడ మీది గది నుంచి,
ఆదివారమే.

కత్తెరా,

గార్డుని మా గుమ్మంలో కూర్చోబెట్టి రాస్తున్నాను.

ముందు కప్పు చూడు. నాణెం ఎక్కడుంది? పైనే ఉంటే పాలకు ఇంతవరకు ఏమీ కాలేదు. కూర్చుని ఏడవడం ఆపు.

ఇలాంటి ఫ్రిజ్‌లో చలి కింద పుడుతుంది. ఫ్యాను దాన్ని పైకి ఊదుతుంది. దారిలో మంచు పేరుకుంటే చలి పైకి చేరదు. అందుకే పైన టమాటాలు ముందు పోతాయి, కింద పాలు ఆఖరున పోతాయి. మనకు కొంచెం టైముంది, ఎక్కువ లేదు.

మంచు ఊరికే కట్టదు. ఎక్కడి నుంచో బయటి గాలి లోపలికి పోతోంది. ఒక గుడ్డ పేలిక తలుపుకీ రబ్బరుకీ మధ్య పెట్టి తలుపు మూసి లాగు. బిగుతుగా వస్తే ఆ చోట బాగుంది. ఉత్తిగా జారి వస్తే అక్కడే గాలి పోతోంది. కింది తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో లాగి చూసి రాయి.

ఇంకొకటి. నిజం చెప్పు. ఆ తలుపుకి ఏమైనా అడ్డం పడుతోందా? దాని మీద ఏమైనా ఉందా?

నేను రాలేను. పనుంది.

మంచుగడ్డ

*

మా వంటగది నుంచి,
సోమవారం.

ఒరేయ్ మంచుగడ్డా,

నాణెం పైనే ఉంది. కప్పు పట్టుకుని అమ్మాయి దగ్గరికి వెళ్ళి చూపించాను. అది కప్పు తీసుకుని ముద్దు పెట్టుకుంది, పెదవి గడ్డకి అతుక్కుంది. నిన్న పొద్దుటి నుంచి అప్పుడే మా ఇంట్లో నవ్వు వినిపించింది.

గుడ్డ పేలిక లాగాను. పైనా పక్కలా బిగుతుగానే వచ్చింది. కింది అంచు పొడవునా మాత్రం వెన్నలో నుంచి లాగినట్టు వచ్చేసింది.

ఏమైనా అడ్డం పడుతోందా అని అడిగావు. అడ్డం అని చెప్పలేను. మరి ఏమిటంటావా. చెబుతాను, తిట్టకు. తిట్టినా మొత్తం చదివి తిట్టు.

నా పెట్టెలో ఎనిమిదేళ్ళుగా ఒక షర్టు గుడ్డ దాచి ఉంచాను. లేత నీలం, సన్న చార. ఎవరికీ కోయబుద్ధి కాలేదు. ఫ్రిజ్ వచ్చిన మర్నాడు దొరసాని నిద్రపోతుంటే కొలతలు తీశాను. కోటు కుట్టాను. అవునురా, ఫ్రిజ్‌కే. రెండు తలుపులకీ విడివిడిగా, పైపింగ్‌తో సహా. గ్యారంటీ కార్డు పెట్టుకోవడానికి జేబు. వెనక్కి కూడా నిండుగా వచ్చేలా కుట్టి, జారిపోకుండా కింది అంచుని నాలుగు మడతలు వేసి తలుపు లోపలికి దోపాను. నా చేతి పనిలో అంత చక్కగా అమరింది ఇంకొకటి లేదు. నువ్వు కప్పకు అని రాశావని తెలుసు. కానీ అది ముసుగులకు కదా అన్నావు, కోటుకి కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికి వచ్చే ప్రతివాళ్ళకీ చూపించాను.

అమ్మాయికి ఇవ్వాళ్టి దాకా తట్టలేదు. నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాక, "నాన్నా, 'దాని మీద ఏమైనా ఉందా' అని అడిగాడు మామయ్య" అంది. ఇద్దరం ఫ్రిజ్ వైపు చూశాం. అది నీలం కోటు వేసుకుని మూలుగుతోంది.

ఏం చెయ్యాలో రాయి. వస్తే ఇంకా మంచిది. నా చేతులు వణుకుతున్నాయి రా, నీ చేతులైతే క్షణంలో చేస్తాయి.

కత్తెర

*

మేడ మీది గది నుంచి,
సోమవారం సాయంత్రం.

కత్తెరా,

కోటుకి జేబు కూడానా.

ముప్పై ఐదేళ్ళలో ఫ్రిజ్‌లకు తువ్వాళ్ళు చూశాను, దుప్పట్లు చూశాను, ఒకరింట్లో శాలువా చూశాను. పైపింగ్ చూడలేదు. నాలుగు మడతల గుడ్డ తలుపులో దోపితే రబ్బరు ఎలా మూసుకుంటుంది. వెనక నిండుగా కప్పితే వేడి ఎటు పోతుంది. నువ్వు దాన్ని ఉన్ని కోటు వేసి పరుగు పందెంలో నిలబెట్టావు.

ఇప్పుడు రాసింది రాసినట్టు చెయ్యి. వీధి చివర ఐస్‌క్రీము కొట్టు ఆవిణ్ణి అడుగు, ఆమె పెట్టెని నేను చాలాసార్లు బాగుచేశాను. మన పేరు చెప్పు. పాకెట్లు, నాణెం కప్పు కలిపి డబ్బాలో పెట్టి, చుట్టూ ఐసు పోసి, పరుగున తీసుకెళ్ళి ఆమె పెట్టెలో అడుగున పెట్టించు. ఆ తరువాత ప్లగ్గు తీసెయ్. కోటు విప్పు. రెండు తలుపులూ తెరిచి కింద తువ్వాళ్ళు పరువు. ఒక పగలూ రాత్రీ అలా వదులు. కత్తితో, స్క్రూడ్రైవరుతో మంచు గోకావంటే నీతో మాటల్లేవు. లోపల అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం ఉంటుంది, అందులో గోరువెచ్చని నీళ్ళు పోసి చూడు, దిగిపోవాలి. అందరినీ పిలిచి బీరువా జరిపించు. ఇరుపక్కలా, వెనకా రెండంగుళాలు. నీ టేపుతోనే కొలువు. బుధవారం పొద్దున స్విచ్ వేస్తే గురువారం పొద్దుటికి గడ్డకట్టే చలి వస్తుంది. అప్పుడు పాలు తెచ్చుకో. అమ్మాయిని నిశ్చింతగా బండెక్కమను.

నన్ను రమ్మన్నావు. మూడుసార్లు అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నీ గుడ్డ బల్ల కాలి కింద పెట్టాను. బల్ల ఇప్పుడు కదలడం లేదు. అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నావు. తప్పు బల్లది కాదు.

ఏడాదిన్నర అయింది. కుడిచెయ్యి ముందు, తరువాత ఎడమది. స్క్రూ తలలో స్క్రూడ్రైవరు మొన నిలవదు. నన్ను ఎవరూ పిలవడం లేదు. కిందటి నెల ఇంట్లో మిక్సీ ఆగిపోతే కోడలు ఫోను చేసి ఎవరినో పిలిపించింది. మంచి పిల్ల, నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకుంది. నేను పక్కగదిలోనే ఉన్నాను. ఈ మధ్య నా చేతికొచ్చిన కేసు నీ ఫ్రిజ్ ఒక్కటే. నువ్వు "వణుకుతున్నాయి" అని రాస్తే, నా ఉత్తరం నాకే తిరిగొచ్చిందేమో అనుకున్నాను.

వస్తే నీ ముందు స్క్రూ జారవిడవాలి. అది నాకు ఇష్టం లేదు. ఈ సంగతి గురించి రాయకు. పాల సంగతి రాయి.

మంచుగడ్డ

*

మా ఇంటి నుంచి,
శుక్రవారం సాయంత్రం.

ఒరేయ్,

పాల సంగతి రాయమన్నావు, రాస్తున్నాను.

ఐస్‌క్రీము ఆవిడకి నీ పేరు చెప్పగానే రెండు పెట్టెల సరుకు పక్కకి జరిపి చోటిచ్చింది. "ఆయన ఒకసారైనా నవ్వారా" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. ప్లగ్గు తీశాం. కోటు విప్పితే వెనక రేకు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. ఒకటిన్నర బకెట్ల మంచు కరిగింది. ఏదీ గోకలేదు, ఒట్టు. బీరువాని గార్డు, అమ్మాయితో పనిచేసే ఇద్దరు డ్రైవర్లు, ఐస్‌క్రీము ఆవిడ కలిసి జరిపారు, నేను టేపు పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాను. సరిగ్గా రెండంగుళాలు. బుధవారం పొద్దున స్విచ్ వేశాం. సాయంత్రం దాకా నడిచి, టక్కున ఆగింది. ఆ ఆగిన చప్పుడు విని నేను అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ దానికి ఆగే యోగం లేకుండా చేశాను కదా అనిపించింది.

గురువారం పొద్దున నలభై ఎనిమిది పాకెట్లూ తిరిగి వచ్చాయి. నాణెం పైనే.

అమ్మాయి యూనిఫారం వేసుకుంది. నడుము దగ్గర నేనే కొంచెం వదులు చేసి ఇచ్చాను. పాపని ముద్దాడి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఫ్రిజ్ కింది తలుపు మీద చెయ్యి వేసి, అప్పుడు వెళ్ళింది. స్టేషను మా ఇంటికి ఎంత దగ్గరో తెలుసుగా. బయలుదేరేటప్పుడు హారను ఒకసారి కొట్టాలి, రెండుసార్లు కొట్టింది. దొరసాని నా ఒళ్ళో ఉలిక్కిపడి ఏడ్చింది. నేను కూడా.

మొదటి పాకెట్టు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పట్టాను. ముఖం తిప్పేసుకుంది. మళ్ళీ పట్టాను. మూడోసారి అమ్మాయి పాత చొక్కా నా భుజాన వేసుకుని పట్టాను, ఆ వాసనకి గుటక వేసింది. ఆ గుటక చప్పుడు నీకు వినిపించాలిరా. ఎనిమిది పాకెట్లు తాగింది రెండు రోజుల్లో. అమ్మాయి ఇప్పుడే ఇల్లు చేరింది, బూట్లు కూడా విప్పకుండా పాపని ఎత్తుకుని కూర్చుంది. బండి అయిదు నిమిషాలు ముందే తెచ్చిందట. "ఎందుకే అంత తొందర" అంటే "నాకా, బండికా" అంటోంది.

రెండో సంగతి గురించి రాయవద్దన్నావు. రాయను. నేను నీ అక్షరాల మీద వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అంతే, ఇంకేం రాయలేదు చూడు.

ఒక్క మాట అడుగుతాను, వృత్తి ధర్మం కొద్దీ. నీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?

కత్తెర

*

మేడ మీది గది నుంచి.

కత్తెరా,

రెండు రోజులకి ఎనిమిది పాకెట్లు. బాగుంది. ఫ్రిజ్ ఎంతసేపు నడిచి ఎంతసేపు ఆగుతోందో రాసి పంపు. ఆరు నెలలకోసారి వెనక దుమ్ము దులుపు.

గుండీలు కోడలు పెడుతుంది. పొద్దున మనవడికి పెట్టాక నాకు. అడిగావు కాబట్టి చెప్పాను.

మంచుగడ్డ

*

మా ఇంటి నుంచి,
నాలుగు నెలల తరువాత,
వంటగదిలో నేల మీద కూర్చుని.

ఒరేయ్ మంచుగడ్డా,

తెరిచింది. ఇవ్వాళ మధ్యాహ్నం దొరసాని గుమ్మం దగ్గర నుంచి పాక్కుంటూ వచ్చి, ఫ్రిజ్ కింది తలుపు పట్టుకుని లేచి నిలబడి, లాగి, తెరిచింది. చలి ముఖాన కొట్టేసరికి కళ్ళు మూసుకుని కిలకిలా నవ్వింది. సొరుగులో పాకెట్లు ఇక లేవు, ఇప్పుడు అన్నీ తింటోంది. నాణెం కప్పు మాత్రం అలాగే ఉంచాను. సరిగ్గా దాని మీదే చెయ్యి వేసింది.

నిజం చెప్పమంటావు కాబట్టి చెబుతున్నాను, తలుపు నేనే ఒక వేలెడు తెరిచి ఉంచాను. అయినా లాగింది తనే. మాట అంటే మాట. గొళ్ళెం నువ్వే బిగిస్తానన్నావు.

స్క్రూలు నేను పట్టుకుంటాను. నా చేతులు ఇంకా బాగానే ఉన్నాయి, కళ్ళే సూది బెజ్జం కనిపెట్టలేకపోతున్నాయి. ఎక్కడ పెట్టాలో, ఎంత బిగించాలో నువ్వు తిట్టు, నేను తిప్పుతాను. నీకు తిట్టడానికి చేతులు అక్కర్లేదుగా.

దీనితో ఒక పొట్లం వస్తుంది. ఫ్రిజ్ కోటుని ఊరికే పడేస్తానా. కోసి చొక్కా కుట్టాను. నీ కొలతలు నా పాత పుస్తకంలోనే ఉన్నాయి, ఛాతీ దగ్గర రెండంగుళాలు లూజు వదిలాను. జేబు ఆ జేబే. గుండీలు, కాజాలు అన్నీ కనిపిస్తాయి, కానీ అవి ఊరికే పైపైన కుట్టినవి. లోపల టిక్ బటన్లు పెట్టాను. అరచేత్తో అలా అదిమితే చాలు, టక్కున పడుతుంది. చేతి అంచులకీ అంతే. నలభై ఏళ్ళ కుట్టు చూసిన కళ్ళకి కూడా తేడా తెలీదు. నేనే నాలుగుసార్లు విప్పి తొడిగి చూశాను.

ఫ్రిజ్ విప్పిన బట్ట నేను తొడుక్కోవాలా అంటావేమో. దానికీ నీకూ ముఖం ఒక్కలాగే ఉంటుంది, సరిపోతుంది.

నీ,
తాత కత్తెర

*

మేడ మీది గది నుంచి.

కత్తెరకి,

చొక్కా సరిపోయింది. భుజం నూలుపోగంత ఎక్కువ.

ఇవ్వాళ పొద్దున నేను కిందికి దిగేసరికి కోడలు గుండీలు పెట్టడానికి వచ్చింది. చూసి, "మామయ్యా, మీరే పెట్టుకున్నారా" అంది. అవునన్నాను. లోపలికి వెళ్ళి మిక్సీ తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ మూలుగుతోందట, ఎందుకో చూడమంది. తనే స్క్రూలు విప్పింది, నేను చెప్పాను. బ్లేడు కింద దారపు ముక్క చుట్టుకుని ఉంది. దారంతో నా ప్రాణం తీసేవాళ్ళు అక్కడే కాదు, ఇక్కడా ఉన్నారు.

ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఇంజనులో అమ్మాయే ఉంటుందని గార్డు చెప్పాడు. గొళ్ళెం, నాలుగు స్క్రూలు జేబులో పెట్టుకున్నాను, ఫ్రిజ్ జేబులో. నా పెట్టెలోని పెద్ద స్క్రూడ్రైవరు నీకోసం తెస్తున్నాను.

ఐస్‌క్రీము ఆవిడ అడిగినదానికి జవాబు, నవ్వాను. కోటు సంగతి చదివిన రోజు. ఎవరికీ చెప్పకు.

నేను వచ్చేదాకా దొరసానిని ఆ తలుపు దగ్గరే ఆడుకోనియ్యి. నేనూ ఒకసారి చూడాలి.

మంచుగడ్డ